చేయి మాది, కార్డు వాళ్లది

22 ఆగస్టు 2011, సోమవారం

అమ్మ పెద్దకర్మ నిన్నటితో అయిపోయింది. వచ్చిన చుట్టాలు వెళ్లిపోయారు. కొత్త నోటుబుక్కు మొదలుపెడుతున్నాను. ఎవరికీ చూపించడానికి కాదు. రోజులు గడిస్తే కోపం అదే తగ్గుతుంది రాధా అని అందరూ అంటున్నారు. తగ్గకూడదు. తగ్గితే నేను అమ్మకు పుట్టినదాన్నే కాదు. తగ్గకుండా ఉండడానికి అన్నీ వివరంగా రాసి పెట్టుకుంటాను.

ఆగస్టు పదో తారీఖు పొద్దున అమ్మ పోయింది. ముప్పై ఏళ్లు తంబాకు పొడి పీల్చిన ఛాతీ, ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? నా ఒళ్లోనే పోయింది. పావుగంటలో లక్ష్మీరాజం బండి మీద వచ్చాడు. చెప్పులతోనే లోపలికి వచ్చి చూశాడు.

"అయ్యో, ఎల్లిపోయిందా లక్ష్మవ్వ" అన్నాడు. ఆ నోటితోనే, "జెర బయటికి తియ్యుండ్రి. కిరాయి ఇంట్ల పీనుగును ఉంచద్దు. రేపు ఇంకొకలు ఎట్ల దిగుతరు గీ ఇంట్ల?" అన్నాడు.

మా దిక్కున ఏ ఇంటి యజమాని అయినా అనే మాటే అది. కిరాయికి ఉన్నవాళ్ల శవం ఇంట్లో ఉండకూడదు. కానీ ఈ ఇంటికి వాడు యజమాని ఎట్లా అయ్యాడో నాకు తెలుసు. వాడికీ తెలుసు.

వాన పడుతోంది. అమ్మను మంచంతో సహా రోడ్డు మీద పెట్టాం. పక్కింటి కుల్సుమ్ ఖాలా తన గోడకు టార్పాలిన్ కట్టింది. అది చాల్లేదు, కాళ్లు బయటే ఉన్నాయి. మూడు గంటలు నేను అమ్మ కాళ్లు తుడుస్తూనే ఉన్నాను, అవి తడుస్తూనే ఉన్నాయి. ఆఖరి స్నానం ఖాలా వాకిట్లో పోశాం.

లక్ష్మీరాజం, నిన్ను వదలను.

23 ఆగస్టు

ఇంటి సంగతి కూడా రాయాలి. నిన్న అమ్మ సంగతితోనే పేజీ నిండిపోయింది.

లక్ష్మీరాజం బీడీ కార్ఖానా కమీషన్‌దారు. ఆకూ తంబాకూ ఆడవాళ్లకు పంచేది వాడే, చేసిన బీడీలు తీసుకునేది వాడే, బాగాలేవని విరిచి పారేసేది వాడే. తొంభై ఒకటిలో సర్కారు కోరుట్లలో బీడీ కార్మికులకు అరవై నాలుగు ఇళ్లు కట్టింది. గుర్తింపు కార్డు ఉన్న ఆడమనిషి పేరనే ఇల్లు. అమ్మకు కార్డు ఉండేది. సరిగ్గా ఇళ్ల పేర్లు రాసే నెలలో వాడు పన్నెండు రోజులు వరుసగా అమ్మ బీడీలన్నీ విరిచి పారేశాడు. పదమూడో రోజు, నీకు పని రాదని కార్డు గుంజుకున్నాడు. తన పెళ్లాం రజని ఫోటో పెట్టి కొత్త కార్డు చేయించాడు. అమ్మకు రావాల్సిన ఇరవై ఏడో నంబరు ఇల్లు రజనికి వచ్చింది. రజని ఏనాడూ ఆకు ముట్టలేదు.

కార్డు బతకాలంటే రోజూ దాని మీద బీడీలు పడాలి. అందుకని వాడే మళ్లీ వచ్చి, "పోనీ లక్ష్మవ్వా, మా ఆమె కార్డు మీద నువ్వు చెయ్యి. గా ఇంట్లనే కిరాయికుండు" అన్నాడు, ధర్మం చేస్తున్నట్టు. మొగుడు లేని మనిషి, పక్కన పదహారేళ్ల పిల్ల. అమ్మ సరే అంది. అమ్మ చేతులు పడిపోయాక నా చేతులు. ఇరవై ఏళ్లుగా చేయి మాది, కార్డు వాళ్లది. ఒకరి కార్డు మీద ఇంకొకరు చేయడం మా కాలనీలో మామూలే. కానీ సొంత ఇంటికి కిరాయిదారయింది మా అమ్మ ఒక్కతే.

24 ఆగస్టు

జగిత్యాల పోయి వచ్చాను. పని అయింది. ఏం పనో ఇక్కడ కూడా రాయను.

9 సెప్టెంబర్, శుక్రవారం

నీళ్ల ట్యాంకు గోడకు నోటీసు అంటించారు. అందరూ నన్నే చదవమన్నారు.

కాలనీలో అసలు కార్మికులు లేరని పేరు లేని ఉత్తరం వచ్చిందట. అందుకని ఇరవయ్యో తారీఖున ఆఫీసర్లు వస్తారు. కార్డు ఉన్న ప్రతి ఆడమనిషీ తన ఇంటి ముందు కూర్చుని, వాళ్ల ముందర ఒక కట్ట బీడీలు, అంటే ఇరవై అయిదు, చేసి చూపించాలి. చేయడం రాకపోతే ఆ ఇల్లు రద్దు. ఇల్లు వేరేవాళ్ల చేతికి పోయి ఉంటే వాళ్లు మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. సగానికన్నా ఎక్కువ ఇళ్లలో అసలు కార్మికులు లేరని తేలితే మాత్రం కాలనీ మొత్తం రద్దు. స్థలం సర్కారుకు వాపసు. బస్టాండుకు దగ్గరి స్థలం, దాని మీద కన్ను లేనిది ఎవరికి?

కిష్టవ్వ మట్టి తీసి గాల్లోకి చల్లింది. "రాసినోని చెయ్యి పడిపోను! వాని ఇంట్ల దీపం పెట్టేటోళ్లు లేకుండ పోను!"

అందరూ నా దిక్కు చూసినట్టనిపించి, "పడిపోను" అని నేనూ అన్నాను.

11 సెప్టెంబర్

ఇరవై ఏడు ఒక్కటి పోతే చాలు. మిగతావి ఎందుకు పోతాయి? పోవు. ఉత్తరంలో ఇరవై ఏడు అనే రాసి ఉంటారు గదా, రాసినవాళ్లు ఎవరో.

13 సెప్టెంబర్, మంగళవారం

సకల జనుల సమ్మె మొదలైంది. దఫ్తర్లన్నిటికీ తాళాలు. స్కూళ్లు లేవు. ఇరవయ్యో తారీఖున ఎవరూ రారు. తెలంగాణ వచ్చేదాకా ఆఫీసర్లు రారని అందరూ సంబరపడుతున్నారు. చౌరస్తాలో టెంటు వేశారు. అందులో ముందు వరుసలో కండువా వేసుకుని కూర్చున్నది ఎవరు? లక్ష్మీరాజం. మైకు పట్టుకుని, మన ఇండ్లు మనకు కావాలె, మన భూములు మనకు కావాలె అంటున్నాడు. వాడి నోట్లో మన్ను పడ.

17 సెప్టెంబర్, శనివారం

రాజమల్లు మామ వచ్చాడు. కాలనీ కమిటీ పెద్ద. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బందైనప్పుడు పెళ్లాం పిల్లలతో వచ్చి ఇక్కడ నిలబడ్డ మనిషి. చేతిలో కాగితం.

"బిడ్డా, నీ చేతిరాత మంచిగుంటది. మన కాలనీ ఎట్ల పుట్టింది, ఎవలు కష్టపడ్డరు, అంత రాసి పెట్టు. సమ్మె అయినంక ఆఫీసర్లకు ఇద్దాం. చరిత్ర ఉంటె జెర బరువుంటది."

తర్వాత కాగితం తిప్పి చూపించాడు. ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నాడు. ముప్పై రెండు ఇళ్లు అమ్ముడుపోయో, కార్డు మనిషి చచ్చిపోయో వేరేవాళ్ల చేతిలో ఉన్నాయి. ముప్పై ఒక్క ఇళ్లలో అసలు మనుషులే ఉన్నారు, బీడీలు చేస్తారు.

"ముప్పై రెండంటె సరిగ్గ సగం. ఎక్కువ కాదు. కాలనీ నిలబడ్డదంటె కొనుక్కున్నోళ్లు గుడ అర్జీ పెట్టి వాళ్ల పేర్లకు మార్చుకుంటరు. ఇగ మిగిలింది ఒక్కటే. నీ ఇల్లు. రజని కట్ట చేసి చూపిస్తె బతికినం. చెయ్యకపోతె ముప్పై మూడు. అందరం రోడ్డు మీదికే."

ఆయన పోయాక చాట ముందు కూర్చున్నాను. ఒక్క బీడీ కూడా సరిగ్గా రాలేదు. మామ లెక్క తప్పయి ఉంటుంది.

19 సెప్టెంబర్

వచ్చాడు! ఇవాళ బస్సులు కూడా బందు. టెంటు నుంచి నడిచే వచ్చినట్టున్నాడు. ఈసారి చెప్పులు విప్పి, గడప బయట నిలబడ్డాడు.

"రాధా, జెర నీతోని పని పడ్డది."

నేను ఆకు కత్తిరిస్తూనే ఉన్నాను.

"రజనికి బీడీ చేసుడు నేర్పాలె. సమ్మె పుణ్యాన టైం దొరికింది."

"ఇరవై ఏండ్ల సంది కార్డున్నది గద సేటూ, ఇంకా నేర్చుకోలేదా?"

"ఎత్తిపొడుపులు తర్వాత. నా ఒక్కని కోసమే అడుగుతలేను. రాజమల్లు చెప్పే ఉంటడు. ఇది పోతె అందరియి పోతయి."

"కింద కూసోని అడుగు."

అర్థం కానట్టు చూశాడు. నేను మళ్లీ అన్నాను. కూర్చున్నాడు. నా తంబాకు పొడి పడిన నేల మీద, తెల్ల ప్యాంటుతో. ఇరవై ఏళ్లు మా అమ్మ వాడి ముందు అట్లాగే కూర్చుంది. నా కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు, ఇంకా కావాలనిపించింది.

"నేర్పుత. కని నువ్వు గీ దిక్కు రావద్దు. ఎంత నేర్చుకున్నవని ఆమెను అడగద్దు. ఆమె చేసిన బీడీ ఒక్కటి గుడ నీ కంట పడద్దు. పడిందో, నేను నేర్ప."

"ఎందుకట్ల?"

"నా ఇష్టం."

ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చస్తాడా?

21 సెప్టెంబర్

రజని వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి, చేతులు మాత్రం పెళ్లికూతురి చేతుల్లా మెత్తగా ఉన్నాయి. ఆ చేతులు చూడగానే ఒళ్లు మండింది.

ఆకు తడపడం, రేకు పెట్టి కత్తిరించడం సరిగ్గానే చూపించాను. చుట్టడం దగ్గరికి వచ్చేసరికి, నున్నని వైపు లోపలికి పెట్టు, ఈనెల వైపు బయటికి ఉంచు అని చెప్పాను. బీడీలు చేసే ఏ ఇంట్లోనైనా ఆరేళ్ల పిల్లకు తెలుసు, ఈనెలు లోపలికి ఉండాలని. ఆఫీసరు వెంట వచ్చే కార్ఖానా మనిషి ఒక్క చూపు చూస్తే చాలు, ఈమె జన్మలో బీడీ చేయలేదని చెప్పేస్తాడు.

తలుపు దగ్గరికి వేసి నేర్పుతున్నాను. చేసినవన్నీ గంపలో వేయించుకుని నేనే పొయ్యిలో పెడతాను.

24 సెప్టెంబర్

ఇవాళ రజని పదిహేడు చేసింది. పదిహేడూ విరిచి పారేశాను. వాడు అమ్మవి విరిచినట్టే, ఒక్కొక్కటే, మొహం చూస్తూ. రజని మళ్లీ ఆకు తీసుకుంది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే బాగుండేది.

27 సెప్టెంబర్

ఎంగిలిపూల బతుకమ్మ. నాకు ఏడాదిదాకా ఆట లేదు. మామ చెప్పిన చరిత్ర కోసం ఇల్లిల్లూ తిరిగాను. కిష్టవ్వ చెప్పింది: పునాదులు తవ్వినప్పుడు గుత్తేదారు రాళ్లు తగ్గిస్తున్నాడని తెలిసి ఆడవాళ్లంతా చాటలు తెచ్చుకుని ఆ గుంతల్లోనే కూర్చుని బీడీలు చేశారట, కాపలాగా. తంబాకు ఘాటుకు మేస్త్రీలు తుమ్ములే తుమ్ములట. స్లాబులకు నీళ్లు పట్టింది కూడా వాళ్లే, మూడు వారాలు, బీడీలు అప్పగించి వచ్చి బిందెలతో మోశారు. ఖాలా అప్పుడు నిండు చూలాలు, అయినా మోసింది. ఆమె కూతురు అల్ఫియా పుట్టింది ఇంటికి తలుపులు కూడా పెట్టకముందే.

"మీ అవ్వ ఇరవై ఏడు నెంబరుకు నీళ్లు పట్టింది" అంది కిష్టవ్వ. "తనదే అనుకున్నది పాపం. పక్క ఇండ్లకన్న రెండు బిందెలు ఎక్కువనే పోసేది."

అది రాసుకోలేదు. ఎట్లా రాస్తాను?

ఇవన్నీ రాస్తుంటే మామ లెక్క గుర్తొస్తోంది. తప్పే అయి ఉంటుంది. మొండయ్య పెళ్లాం ఇంకా బీడీలు చేస్తుంది, వాళ్ల ఇల్లు అసలువాళ్ల లెక్కలో వేశాడో లేదో.

28 సెప్టెంబర్

మొండయ్య ఇల్లు అసలువాళ్లలోనే వేశాడు. ముప్పై రెండే.

2 అక్టోబర్

చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి అందరం అక్కడే వండుకుని తిన్నాం. లక్ష్మీరాజం గరిటె పట్టుకుని వడ్డించాడు. నా ఇస్తారి దగ్గరికి వచ్చి, "మంచిగ నేర్చుకుంటున్నదా?" అని మెల్లగా అడిగాడు.

"మస్తు మంచిగ" అన్నాను. ఇంకో గరిటె అన్నం వేసి పోయాడు. తినబుద్ధి కాలేదు, కానీ తిన్నాను. వాడి మొహం ఆఫీసరు ముందర ఎట్లా మాడుతుందో ఊహించుకుంటూ తిన్నాను.

8 అక్టోబర్

రజని చేయి తిరిగింది. వేగం వచ్చింది. అన్నీ తప్పుగా, చక్కగా.

ఇవాళ దారం కడుతూ తనంతట తానే మాట్లాడింది. "గప్పుడు ఫోటో దిగుమన్నడు రాధా. దిగిన. ఎందుకని అడగలే. ఇల్లు చూస్తువు రా అని తోలుకొచ్చిండు. మీ అవ్వ గీ అరుగు మీద కూసోని బీడీలు చేస్తున్నది. నన్ను చూసి లేసి నిలబడ్డది. గప్పుడు తెలిసింది నాకు."

"తెలిసి ఏం చేసినవ్?"

"ఏం చెయ్యలే."

ఆమె పోయాక ఇవాళ్టి బీడీలు రెండు రెట్లు గట్టిగా విరిచాను.

12 అక్టోబర్, బుధవారం

బొగ్గు బాయిలు బందై కరెంటు రోజుకు నాలుగు గంటలు కూడా ఉండడం లేదు. మధ్యాహ్నం ఉక్కకు ఆగలేక తలుపు తీసి పెట్టాను. రజని అప్పుడే వెళ్లింది. కుల్సుమ్ ఖాలా అగ్గిపెట్టె కోసం లోపలికి వచ్చింది. పొయ్యి పక్కన గంప. అందులోంచి ఒక బీడీ తీసి వెలుతురులో తిప్పి చూసింది.

"ఇదేంది? ఆకు తిరగేసున్నది." ఇంకోటి తీసింది. ఇంకోటి. "అన్ని గట్లనే ఉన్నయి. రజని చేసినవేనా?"

"అవు."

"నువ్వు నేర్పిందేనా? మీ అమ్మ చేతి కింద పెరిగినదానివి, ఆకు తిరగేసి నేర్పుతవా? బోల్ బేటీ. తెలిసే నేర్పుతున్నవా?"

"తెలిసే."

"వాని ఇల్లు పోవాలని?"

"పోవాలె. వాడు మా అమ్మను వాన్ల పడేసిండు ఖాలా. వాడు రోడ్డు మీద నిలబడాలె."

"వానికి రెండంతస్తుల బంగ్లా ఉన్నది మెయిన్ రోడ్డుకు. వాడెట్ల నిలబడుతడు రోడ్డు మీద? నిలబడేది నేను."

ఇన్నాళ్లు దాచింది ఇక ఆగలేదు. "ఉత్తరం గుడ నేనే రాసిన ఖాలా. జగిత్యాల పోయి డబ్బాల వేసిన. ఇరవై ఏడు ఒక్కటే రాసిన. ఆ ఒక్కటే చూస్తరనుకున్న. అందరిది చూస్తరని అనుకోలే."

ఖాలా చేతిలోని బీడీలు గంపలో పడేసింది. తిట్టలేదు. తిడితే బతికిపోయేదాన్ని.

"మీ అమ్మకు ఆఖరి నీళ్లు పోసిన వాకిలి అది" అంది. "దాన్ని గుడ తీసుకపోతవా?"

అగ్గిపెట్టె తీసుకోకుండానే వెళ్లిపోయింది.

13 అక్టోబర్

ఖాలా మాట్లాడలేదు.

14 అక్టోబర్

ఖాలా మాట్లాడలేదు. రజని వస్తే తలనొప్పి అని పంపించేశాను. ఇట్లాగే చేస్తే పోయేది అందరి ఇళ్లూ. చేయకపోతే నా పగ ఏం కావాలి? అమ్మ కాళ్లు తడుస్తూనే ఉన్నాయి నా కళ్ల ముందు. అయినా స్లాబుకు నీళ్లు మోసిన ఖాలా కూడా కనిపిస్తోంది, నిండు కడుపుతో.

నేను ఓడిపోతున్నాను. వాడి చేతిలో కాదు, వాడి ముందర. అది ఇంకా మంట.

15 అక్టోబర్, శనివారం

రజని వచ్చి కూర్చుంది. నేను నిలబడే చెప్పాను. "ఇన్ని దినాలు నేర్పింది తప్పు. ఆకు తిరగేసి పెట్టాలె."

"తెలుసు" అంది.

నేను చాట కింద పెట్టేశాను.

"కమీషన్‌దారు ఇంట్ల కాపురం నాది. లక్షల బీడీలు నా కండ్ల ముందరికెల్లి పోయినయి. ఆకు ఎటుంటదో నాకు తెల్వదా?"

"తెలిసి ఎందుకు చేసినవ్ మరి?"

"నువ్వు నా ఇల్లు పోగొట్టాలనుకుంటున్నవని మొదటి దినమే తెలిసింది. పోతె పోనీ అనుకున్న. నాది కాదు గద."

"ఇల్లు ఒక్కటే కాదు. నీది పోతె ముప్పై మూడైతది. కాలనీ అంత పోతది."

ఆమె చేతిలోని ఆకు జారి పడింది. "గా ముచ్చట ఆయన చెప్పలే" అంది. "నేర్చుకో అని మాత్రమే చెప్పిండు."

ఎంత కోపం వచ్చిందో! నేను మోసం చేస్తున్నానని తెలిసి ఇరవై రోజులు నోరు మూసుకుని కూర్చుంది, నేను విరిచి పారేస్తుంటే చూస్తూ. అట్లాంటి మనిషి మీద ఏం పగ తీర్చుకోను? నాకు దొరికిన ఒక్క మనిషీ చేజారిపోయింది.

"కూసో. మొదటికెల్లి చెయ్యి" అన్నాను.

19 అక్టోబర్

రావడం లేదు. వేళ్లు పాత తప్పుకే పోతున్నాయి. ఇరవైలో పన్నెండు తిరగబడ్డాయి. తప్పు నేర్పడం ఎంత సులువైందో, మాన్పించడం అంత చావుగా ఉంది. ఆమె కన్నా నాకే ఎక్కువ చెమటలు పడుతున్నాయి. అరిచాను. విరవలేదు, తిరగబడ్డవి విప్పి మళ్లీ చుట్టించాను.

సాయంత్రం ఖాలా తలుపు దగ్గరికి వచ్చి నిలబడి కాసేపు చూసింది. లోపలికి వచ్చి రజని పక్కన కూర్చుంది. ఆమె బొటనవేలు పట్టుకుని, "ఇట్ల. గీ వేలు ముందుగాల ఈనెలను ముట్టాలె, తర్వాతనే తంబాకు" అంది. నాతో మాత్రం పోయేటప్పుడే మాట్లాడింది. "ఉత్తరం ముచ్చట నా కడుపుల పెట్టుకుంట. కిష్టవ్వ శాపం మాత్రం నువ్వే మొయ్యాలె."

మోస్తాను.

24 అక్టోబర్

సమ్మె వాయిదా వేశారు. తెలంగాణ రాలేదు, నోటీసు మాత్రం మళ్లీ వచ్చింది. ముప్పై ఒకటిన ఆఫీసర్లు.

28 అక్టోబర్

ఇరవై అయిదులో నాలుగు తిరగబడ్డాయి.

30 అక్టోబర్

రెండు.

31 అక్టోబర్, సోమవారం

పది గంటలకు రెండు జీపులు వచ్చాయి. ఒక ఆఫీసరమ్మ, ఇద్దరు గుమాస్తాలు, కార్ఖానా నుంచి ఒక ముసలాయన. ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టారు. కిష్టవ్వ కళ్లు మూసుకుని చేసి చూపించింది, ఆఫీసరమ్మ నవ్వింది. వేరేవాళ్ల చేతిలో ఉన్న ఇళ్ల దగ్గర గుమాస్తా ఎర్ర పెన్నుతో గీతలు పెట్టాడు. నేను గీతలు లెక్కపెడుతూనే ఉన్నాను.

మా ఇంటికి వచ్చేసరికి కాలనీ అంతా చుట్టూ చేరింది. లక్ష్మీరాజం ఆఫీసరమ్మ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రజని అరుగు మీద కూర్చుని చాట ఒళ్లోకి తీసుకుంది. మొదటి ఆకు తీసింది, నున్నని వైపు లోపలికి పెట్టింది.

ముసలాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఖాలా నా చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు దిగాయి. ఒక్క మాట నా నోట్లోంచి వస్తే పట్టుబడతాం. రాకపోతే అందరం పోతాం. వాడి మొహం చూశాను. చెమటతో తడిసిపోయింది. నేను రెండు నెలలుగా ఊహించుకున్న మొహం అదే. తనివితీరా చూద్దామనుకున్నాను గానీ, నా కళ్లు రజని వేళ్ల మీదికే పోయాయి.

రజని ఆకు దులిపింది, దుమ్మేదో అంటినట్టు. తిప్పి పెట్టింది. చుట్టింది. మూతి మలిచి దారం కట్టింది. తర్వాత ఆగలేదు. ఇరవై అయిదూ కట్ట కట్టి ముసలాయన చేతిలో పెట్టింది. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"చెయ్యి జెర ఆలస్యం. పని మంచిగున్నది" అన్నాడు.

సాయంత్రానికి గీతలు ముప్పై రెండు. కాలనీ ఉంది. మామ నడిరోడ్డు మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఎందుకో నాకే తెలియదు.

ఆడవాళ్లు పూలదండ తెచ్చారు. ఎవరి మెడలో వేశారు? లక్ష్మీరాజం మెడలో. పెళ్లాంతో కట్ట చేయించి కాలనీని కాపాడిన మనిషట! వాడు దండం పెడుతూ తిరిగాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు కూడా దండం పెట్టాడు, పళ్లు కనిపించేలా. నేనే వాడిని గెలిపించాను. ఈ రెండు చేతులతోనే.

3 నవంబర్

కాలనీ కమిటీ కూర్చుంది. మొదట వచ్చిన అరవై నాలుగు మంది ఆడవాళ్ల పేర్లు నల్లబండ మీద చెక్కించి కాలనీ మొదట్లో పాతాలని నిర్ణయం. మళ్లీ ఎవడూ ఇక్కడ కార్మికులు లేరనకుండా. బండ నేను ఇస్తానని లక్ష్మీరాజం లేచాడు. ఆవిష్కరణ కూడా తనే చేస్తాడట, పేర్లన్నీ తనే చదువుతాడట. వాడికి అలవాటే, ఇరవై ఏళ్లు కార్ఖానాలో పొద్దున్నే మా పేర్లు చదివినవాడు.

పేర్లు రాసిచ్చే పని నాకు పడింది.

5 నవంబర్

పైన ఏం రాయాలని మామ అడిగితే, "ఈ కాలనీకి ఇండ్లు తెచ్చిన చేతులు" అని చెప్పాను. బాగుందన్నాడు. ఇళ్ల యజమానులు అని నేను రాయలేదు. చేతులు అనే రాశాను. ఒకటి నుంచి అరవై నాలుగు దాకా నంబర్లు వేసి, ఎదురుగా పేర్లు రాశాను.

మామ కళ్లజోడు పెట్టుకుని కింద వేలు జరుపుతూ చదివాడు. ఒకచోట వేలు ఆగింది. నన్ను చూశాడు.

"దఫ్తర్‌ల వేరే పేరుంటది బిడ్డా."

"దఫ్తర్‌ల ఉన్నది దఫ్తర్‌ల ఉండనీ మామా. నీళ్లు పట్టింది ఎవలు?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బండ మీద చెక్కినంక దిద్దుడు ఉండది, ఆలోచించుకున్నవా?" అన్నాడు. ఆలోచించుకున్నానన్నాను. జగిత్యాలలో చెక్కే మనిషి దగ్గరికి తనే పోతానన్నాడు, లక్ష్మీరాజానికి కాగితం చూపించకుండా.

13 నవంబర్, ఆదివారం

ఇవాళ పది గంటలకు ఆవిష్కరణ. కొత్త కండువా, కొత్త చొక్కా. కొబ్బరికాయ కొట్టి బండ మీది బట్ట లాగాడు. అందరూ చప్పట్లు. వాడు మైకు పట్టుకుని మొదలుపెట్టాడు. ఒకటి, కిష్టవ్వ. రెండు. మూడు. పేరు చదివినప్పుడల్లా ఆ ఇంటివాళ్లు చప్పట్లు కొడుతున్నారు. చచ్చిపోయినవాళ్ల పేర్లకు ఇంకా గట్టిగా.

ఇరవై ఆరు అయింది. వాడు "ఇరవై ఏడు" అన్నాడు. ఆగాడు.

బండను చూశాడు. రాజమల్లు మామను చూశాడు. మామ ఆకాశం చూస్తున్నాడు. అప్పుడు నన్ను చూశాడు. నేను మాత్రం తల తిప్పలేదు. రజని పేరు చదువుదామంటే చుట్టూ ఉన్న ఆడవాళ్లలో సగం మంది ఆ బండ చదవగలరు. చదవకుండా దాటిపోదామంటే అందరూ వింటున్నారు. మైకులో వాడి ఊపిరి వినిపిస్తోంది.

"లక్ష్మవ్వ" అన్నాడు. మైకు పక్కకు పెట్టి, మెల్లగా.

"ఇనబడలే సేటూ" అన్నాను. "మల్లొక్కసారి."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఖాలా నా వెనక నుంచి అంది, "మాక్కుడ ఇనబడలే. మైకుల చదువు."

"ఇరవై ఏడు. లక్ష్మవ్వ" అన్నాడు. ఈసారి మైకులో. చప్పట్లు కొట్టడానికి ఆ ఇంటి తరఫున నేను ఒక్కదాన్నే కదా, నేను కొట్టలేదు. అందరూ కొట్టారు. కిష్టవ్వ కళ్లు తుడుచుకుంది. వాడు గబగబా ఇరవై ఎనిమిదిలోకి పోబోయాడు.

"ఆగు" అని ఇంకో గొంతు. నాది కాదు. ఆడవాళ్ల మధ్యలోంచి రజని ముందుకు వచ్చింది. మొగుడి ముందర ఆమె ఇంత గట్టిగా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. "మంచిగ చదువు. నాకు గుడ ఇనబడాలె."

వాడు పెళ్లాం మొహం చూసి, తల వంచుకుని, మూడోసారి మా అమ్మ పేరు చదివాడు. చౌరస్తా దాకా వినిపించింది.

నాకింకా చాలలేదు.